అంత్యకాలమున మనస్సు ఏమి వెదకును?

మన పల్లెలలో పెద్ద కుటుంబములందు తరచుగా వినవచ్చు కథ యొకటి కలదు. అన్నదమ్ము లిద్దరు గట్టు తగాదాలో పడి, మునసబు కోర్టునుండి జిల్లా కోర్టు వరకు తిరిగి, పండుగలకు పబ్బములకు పిలుపులు మాని, పిల్లల పెండ్లిండ్లకు సైతము శుభలేఖలు పంపుకొనకుండ ఇరువది యేండ్లు గడపుదురు. పెద్దవాడు మంచము పట్టును. తీరని అప్పు, చేతికి రాని పంట, అల్లుని ఉద్యోగము, తాకట్టులోని పొలము, ఇట్టి చిక్కులెన్నియో మిగిలియుండగా, జీవితమంతయు ఆ చిక్కులకే ధారపోసిన ఆ మనిషి ఒకనాటి సాయంకాలము కండ్లు తెరచి భార్యను అడుగునది ఒక్కటే: "చిన్నోడికి కబురు పెట్టారా?"

గెలిచిన దావా గూర్చి గాని, పోయిన పంట గూర్చి గాని కాక, ఇరువది యేండ్లుగా పేరెత్తని తమ్ముని వైపునకు ఆ మనస్సు ఏల మరలినది? మృత్యువు సమీపించినప్పుడు మనుష్యునకు వివేకముదయించునని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను కాదనవలసిన పనిలేదు. కాని ఆ మలుపునకు మనస్సులోను మెదడులోను గల కారణములను గడచిన నాలుగైదు దశాబ్దములలో మనశ్శాస్త్రజ్ఞులు, నాడీశాస్త్రజ్ఞులు, మరణాసన్నులను కనిపెట్టుకొనియుండు వైద్యులు ఒక్కొక్కటిగా వెలికిదీసిరి. వారు కనుగొన్న విషయములను కలిపి చూచినచో నాకు ముఖ్యముగా తోచునది ఇది: అవసానమున మనుష్యుని బాధించు పశ్చాత్తాపములు ఎన్ని యున్నను, మంచముమీదనుండియే, ధనము లేకయే, దేహబలము లేకయే తీర్చుకొనదగినవి అయినవారికి సంబంధించినవి మాత్రమే. వానికి కావలసినవి రెండు: కొంత కాలము, ఆ కాలము కొంచెమే యను ఎఱుక.

చేసిన తప్పు, చేయని పని

పశ్చాత్తాపము వట్టి దుఃఖము కాదు. దానిలో ఒక పోలిక ఇమిడియున్నది. జరిగినదానిని, జరిగియుండదగినదానితో ప్రక్కప్రక్కన పెట్టి చూచినగాని అది పుట్టదు. 2004లో 'సైన్స్' పత్రికలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగ మొకటి దీనిని స్పష్టముగా చూపినది. పాల్గొన్నవారి యెదుట కంప్యూటరు తెరపై రెండు జూదపు చక్రములుండును, ఒకదానిని ఎన్నుకొనవలయును, ముల్లు తిరిగి ఆగగానే వచ్చిన సొమ్మో, పోయిన సొమ్మో తెలియును. ఒక్కొక్కసారి, తాము ఎన్నుకొనని రెండవ చక్రము ఏమి యిచ్చియుండెడిదో కూడ చూపుదురు. ఆరోగ్యవంతులు కొంత సొమ్ము గెలిచియు, రెండవ చక్రమున అంతకంటె ఎక్కువ వచ్చియుండెడిదని చూచినంతనే చిన్నబుచ్చుకొనిరి, తరువాతి ఆటలలో జాగరూకులైరి. నుదుటికి లోపల, కనుగ్రుడ్లకు పైభాగమున నుండు మెదడు భాగము దెబ్బతిన్న రోగులు మాత్రము గెలిచినప్పుడు సంతోషించిరి, ఓడినప్పుడు చింతించిరి. కాని రెండవ చక్రము చూపిన అంకె వారిని కదిలింపలేదు, వారికి పాఠమును నేర్పలేదు.

కావున పశ్చాత్తాపము ప్రకృతి విధించిన శిక్ష కాదు. రేపటి నిర్ణయమును దిద్దుటకై ఏర్పడిన శక్తి. రేపు అనునది కొరవడినప్పుడు కూడ ఆ శక్తి తన పని మానదు. దిద్దుకొనుటకు అవకాశము లేని చోట దిద్దుబాటు కోరుచుండుటయే మరణాసన్నుని వేదనలోని విశేషము.

ఇక జనులు దేనిని గూర్చి ఎక్కువగా పరితపింతురను ప్రశ్నకు అమెరికాలో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్‌వెక్ అనువారు 1990ల నడుమ ఒక ఆసక్తికరమైన సమాధానము నిచ్చిరి. గడచిన వారమును గూర్చి అడిగినచో మనుష్యులు చేసిన తప్పులను, చేయక విడిచిన పనులను ఇంచుమించు సమానముగా చెప్పుదురు. మొత్తము జీవితమును తలచుకొని చెప్పుమన్నచో చేయక విడిచినవే ముందునకు వచ్చును. కారణము సులభముగా బోధపడును. చేసిన తప్పు కంటికి కనబడును, వెంటనే నొప్పించును; కనుకనే దానిని మాన్పుకొను ప్రయత్నము కూడ వెంటనే మొదలగును. తప్పు ఒప్పుకొందుము, నష్టమును పూరింతుము, ఏదియు కుదరనిచో "పోనీలే, ఒక బుద్ధి వచ్చింది" అని సమాధానపడుదుము. చేయని పనికి ఇవేవియు లేవు. ఆనాడు మనలను ఆపిన పౌరుషము, సంకోచము, నలుగురు ఏమనుకొందురో యను భయము ఆనాటికి కొండంత, ఏండ్లు గడచినకొలది అవి అన్నియు అల్పములై, "వెళ్ళి పలకరించి ఉంటే ఏం పోయేది?" అను ప్రశ్న యొక్కటే మిగులును. పైగా చేసిన పనికి ఫలితము ఒక్కటే. చేయని పనికి ఊహలో ఫలితములు అనంతములు.

దుకాణదారుని ఖాతాపుస్తకమున చెల్లు వ్రాసిన పద్దు ఎంత పెద్దదైనను ఆ పుటను మరల ఎవరును తిప్పరు. చెల్లు పడని చిన్న పద్దునకు వడ్డీ పెరుగుచునేయుండును. తండ్రి సంవత్సరీకమునాడు ఒకే పంక్తిలో భోజనము చేసియు తమ్మునితో మాటాడక లేచివచ్చిన ఆ పూట అట్టి పద్దు. మనశ్శాస్త్రజ్ఞుల లెక్కలలో సంగీతము నేర్చుకొనలేదను చింత, చదువు మానివేసితినను చింత, దేశము చూడలేదను చింత కూడ ఈ చెల్లుపడని పుటలలోనివే. కాని ఎనుబదియవ యేట ఆక్సిజను గొట్టముతో మంచముపై నున్న మనిషి ఇక సంగీతము నేర్చుకొనలేడు, తమ్మునితో మాటాడగలడు. ఈ భేదమును మనము చాలినంతగా గుర్తించుట లేదని నా అభిప్రాయము.

కాలము కొంచెమైనప్పుడు

అయినను, జీవితమంతయు పౌరుషము నిలుపుకొన్నవాడు ఇప్పుడే ఏల మెత్తబడును? ఈ ప్రశ్నకు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి లారా కార్‌స్టెన్‌సెన్, ఆమె సహచరులు చేసిన కృషి వెలుగునిచ్చినది. వారి పరీక్షలలో ప్రశ్న మిక్కిలి సామాన్యమైనది. మీకు అరగంట తీరిక దొరికినది. ముగ్గురిలో ఎవరితో గడపుదురు? దగ్గరి బంధువుతోనా, మీరిప్పుడే చదివిన పుస్తకమును రచించినవారితోనా, ఈమధ్యనే పరిచయమై మీ అభిరుచులు గలవానితోనా? యువజనుల కోరికలు ముగ్గురి నడుమ చెదరియుండును. వృద్ధులు ఎక్కువగా బంధువునే కోరుదురు. ఇంతవరకు ఆశ్చర్యము లేదు. కాని, మీరు త్వరలో అయినవారినందరిని విడిచి ఒంటరిగా దూరప్రాంతమునకు వెళ్ళిపోవుచున్నారని ఊహించుకొనుడనగానే యువజనులును బంధువువైపే మొగ్గిరి. క్రొత్త వైద్యముచేత మరి ఇరువది యేండ్లు అదనముగా బ్రతుకుదురని ఊహించుకొనుడనగా వృద్ధుల మొగ్గు సడలినది.

దీనిని ఊహలకు మాత్రమే విడిచిపెట్టక వారు నిజజీవితమునందును పరిశీలించిరి. 1997లో హాంకాంగు నగరము బ్రిటిషువారినుండి చైనాకు సంక్రమించుటకు కొద్ది నెలల ముందు, ఒక యుగము ముగియుచున్నదను భావము నగరమంతట వ్యాపించియుండగా, అచటి యువజనులు కూడ వృద్ధులవలె అయినవారినే కోరిరి. మార్పు జరిగి ఏడాది గడచునప్పటికి ఆ మొగ్గు మాయమైనది. నన్ను మిక్కిలి కదిలించినది మరియొక పరిశీలనము. ఎయిడ్సు వ్యాధి భయంకరముగా నున్న కాలమున, వ్యాధిలక్షణములు బయటపడిన యువకులు తమ పరిచితులలో ఎవరు ముఖ్యులో ఎంచుకొన్న తీరు, వారికి రెట్టింపు వయస్సుగల ముదుసలుల తీరును పోలియుండెను. వయస్సు కాదు కారణము. మిగిలిన కాలమును గూర్చిన ఎఱుక కారణము.

కాలము విశాలముగా నున్నంతవరకు మనస్సు సంపాదనకు పూనుకొనును: క్రొత్త విద్య, క్రొత్త పరిచయములు, పలుకుబడి, పొలము. ఎప్పుడో ఉపయోగపడునని నేడు కష్టపడుటకు, అవమానము సహించుటకు, పంతము పట్టుటకు కూడ అప్పుడు అర్థమున్నది. ఆ 'ఎప్పుడో' అనునది లేదని తెలిసిన క్షణమున ఆ ప్రయత్నములన్నియు ఒక్కసారిగా విలువ కోల్పోవును. ఈ పూట హృదయమును నింపునది ఏదో అదియే మిగులును. దీనిని కొందరు దౌర్బల్యమని తలతురు, "ముసలాయన మెత్తబడ్డాడు" అందురు. అది దౌర్బల్యము కాదు, లక్ష్యముల మార్పు.

స్వప్నములును అదే దారి పట్టును. అమెరికాలో బఫెలో నగరపు హాస్పిసులో, అనగా వైద్యము నయముచేయలేని దశలోనివారిని సేవించు ఆలయమున, డాక్టర్ క్రిస్టఫర్ కెర్ బృందము 59 మంది రోగులను దాదాపు ప్రతిదినము పలుకరించి వారి కలలను నమోదు చేసి 2014లో ప్రకటించినది. వారిలో నూటికి 88 మంది కలలో గాని మెలకువలో గాని ఏదో ఒక దర్శనము కలిగినదనిరి. మరణము దగ్గరపడినకొలది గతించిన ఆత్మీయులు కనబడుట ఎక్కువైనది, ఆ దర్శనములే అన్నింటికంటె ఎక్కువ ఊరట నిచ్చినవి. "అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది" అని తాతగారనగానే మన యిండ్లలో ఆడవారు భయపడి దిష్టి తీయుదురు. భయపడవలసిన పనిలేదు. "ఏమంది తాతయ్యా?" అని అడిగి వినుట మేలు.

చేయి పట్టుకొనుటలోని బలము

ఆత్మీయుల సన్నిధి మనస్సుకే గాక మెదడునకు కూడ తెలియును. 2006లో అమెరికాలో జేమ్స్ కోన్ అను శాస్త్రజ్ఞుడు 16 మంది వివాహిత స్త్రీలను మెదడు చిత్రములు తీయు యంత్రములో పరుండబెట్టి, తెరపై ఎఱ్ఱని గుర్తు కనబడినప్పుడు కాలి చీలమండకు చిన్న విద్యుద్ఘాతము తగులవచ్చునని ముందుగా తెలిపెను. ఒకసారి వారు ఒంటరిగా నుండిరి, ఒకసారి అపరిచితుని చేయి, ఒకసారి భర్త చేయి పట్టుకొనిరి. మెదడునందు అపాయమునకు స్పందించు భాగములు భర్త చేయి పట్టుకొన్నప్పుడు మిక్కిలి శాంతించినవి. అన్యోన్యత ఎక్కువగల దంపతులలో ఆ శాంతి మరింత ఎక్కువ. దీర్ఘకాలమున ఫలితమేమనగా, జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందము 2010లో 148 పరిశోధనలను, సుమారు 3 లక్షల 8 వేల మంది వివరములను కలిపి లెక్కింపగా, బాంధవ్యములు గట్టిగా నున్నవారు ఆ పరిశోధనల కాలమున బ్రతికియుండు అవకాశము తక్కినవారికంటె నూటికి 50 వంతులు హెచ్చని తేలినది.

"నాన్నగారికి చెప్పకండి"

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, కాలము కొంచెమని తెలిసినవాడు అయినవారివైపు తిరుగును, తిరిగినవాడు పాత పద్దులను చెల్లుపెట్టుకొనగలడు. మరి మన ఆసుపత్రుల వరండాలలో జరుగునదేమి? పరీక్షల కాగితములు చేతబట్టుకొని వైద్యుడు గది బయటకు రాగానే పెద్దకుమారుడు ఆయనను ప్రక్కకు తీసికొనిపోయి, గొంతు తగ్గించి, "నాన్నగారికి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అనును. కోడలు కన్నీరు తుడుచుకొని నవ్వుమొగముతో లోపలికి పోయి "పుండు అంతే మామయ్యగారూ, మందులతో తగ్గిపోతుందట" అనును. ఇది ప్రేమయే, సందేహము లేదు. కాని లోపలి మనిషి తన దేహమును తానెఱుగును. ఎముకలు బయటపడుట, నిద్రలేమి, కూతురు దూరపు ఊరినుండి సెలవుపెట్టి వచ్చుట, ఎన్నడును లేని మర్యాదలు, ఇవి అన్నియు ఆయనకు చెప్పవలసినది చెప్పియేయుండును. పిల్లలు బాధపడుదురని ఆయనయు తెలియనట్లే నటించును. ఇరువైపుల ప్రేమయే గోడ కట్టును, ఆ గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు ఒంటరిగా ఏడ్తురు. చెప్పుకొనవలసిన మాటలకు మిగిలియున్న వారములు గ్లూకోజు సీసాల మార్పులలో గడచిపోవును.

చెప్పినచో రోగి క్రుంగిపోవునను భయమునకు పరిశోధనలు ఊతమీయలేదు. 2008లో అమెరికాలో 332 మంది ముదిరిన క్యాన్సరు రోగులను, వారి సేవకులైన ఆత్మీయులను వెంబడించిన పరిశోధనలో, వైద్యులతో అంత్యదశ గూర్చి మాటాడినవారిలో క్రుంగుబాటు తక్కినవారికంటె ఎక్కువగా లేదు; వారికి చివరివారమున వెంటిలేటరు వంటి కఠినచికిత్సలు తక్కువగా జరిగినవి. కఠినచికిత్సల నడుమ తమవారిని పోగొట్టుకొన్న బంధువులే తరువాతి నెలలలో ఎక్కువ క్రుంగిరి, ఎక్కువ పశ్చాత్తాపపడిరి.

చెప్పుట అనగా తీర్పు చదివినట్లు చెప్పుట కాదు. ఈ విద్యలో ఆరితేరిన వైద్యులు మొదట చెప్పరు, అడుగుదురు: "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది? ఇంకా వివరంగా తెలుసుకోవాలని ఉందా, లేక అబ్బాయితో మాట్లాడమంటారా?" వలదన్నవానికి బలవంతముగా చెప్పరు. తెలిసికొనగోరినవానికి, అతడు అడిగినంతవరకే, ఆగి ఆగి చెప్పుదురు. అయితే నొప్పితో మెలికలు తిరుగువానికి ఏ సంభాషణయు సాధ్యము కాదు. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిసును స్థాపించిన సిసిలీ సాండర్స్ దేహపు నొప్పి, మనోవ్యథ, కుటుంబచింత, ఆత్మకు సంబంధించిన కలత ఒకదానినొకటి పెంచుకొనునని బోధించెను. మన దేశమున 1993లో కోళిక్కోడులో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ ప్రభృతులు ప్రారంభించిన ఉపశమన సేవ, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉపశమన విభాగము ఆ దారిలోనివే. నోటికిచ్చు మార్ఫీను మందునకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కల్పించిన ఆటంకములు 2014 సవరణతో కొంత సడలినవి. అది కాగితముమీది సంస్కరణ మాత్రమే కాదు, మాటాడగల గంటలను రోగికి తిరిగి యిచ్చు సంస్కరణ.

కెనడాలో డాక్టర్ హార్వీ చోచినోవ్ 2005లో వివరించిన పద్ధతి యొకటి మన యిండ్లలో ఎవరైనను అనుసరింపదగినది. రోగి మంచముప్రక్కన కూర్చుండి, జీవితమున గర్వపడిన ఘట్టములు, ఆత్మీయులకు చెప్పదలచిన మాటలు, పిల్లలకు మిగుల్చదలచిన హితవులు అడిగి, ఆ సంభాషణను యంత్రమున పట్టి, వ్రాసి, దిద్ది, ఆయనకే చదివి వినిపించి, కుటుంబమునకు అందజేయుదురు. నేడు ప్రతి చేతిలోను ఫోనున్నది.

┌──────────
తుది దినములలో దేహము

ఆహారము: అవయవములు ఒక్కొక్కటిగా పని తగ్గించుకొనునప్పుడు ఆకలి, దప్పిక తగ్గుట సహజము. తినకపోవుటవలన మరణము వచ్చుట లేదు. మరణము వచ్చుచుండుటవలన తినుట మానుచున్నారు.

తులసితీర్థము: మ్రింగు శక్తి సన్నగిల్లినప్పుడు గొంతులో పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. తడిపిన దూదితోనో, మెత్తని గుడ్డతోనో పెదవులను, నాలుకను తడిపిన చాలును. ఆచారమునకు లోపము లేదు.

గొంతులో గురగుర: మ్రింగలేని ఉమ్మి గొంతున నిలిచి, శ్వాసతో కదలుటవలన కలుగును. వినువారిని బాధించునంతగా, స్పృహ తగ్గిన రోగిని బాధింపదని వైద్యుల విశ్వాసము. ప్రక్కకు ఒత్తిగిల్లజేసిన తగ్గవచ్చును.

శ్వాస: లోతుగా, వేగముగా సాగి, క్రమముగా తగ్గి, కొన్ని క్షణములు ఆగి, మరల మొదలగును. కాళ్ళు చేతులు చల్లబడి, చర్మమున మచ్చలు మచ్చలుగా రంగు మారును.
──────────┘

వినుచున్నారా?

కండ్లు మూతలుపడి, పిలిచినను పలుకని దశలో "ఇక లాభం లేదు, ఏమీ తెలియదు" అని కుటుంబము వెనుకకు తగ్గును. మన పూర్వులు మాత్రము ఆ సమయముననే చెవి దగ్గర నారాయణనామము చెప్పుమనిరి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిన పరిశోధన ఈ సందర్భమున గమనింపదగినది. వాంకూవరులోని ఒక హాస్పిసు రోగులకు, వారు మాటాడగల దినములలో ఒకసారి, స్పందన కోల్పోయిన పిదప మరియొకసారి, తలకు విద్యుత్సంకేతములను గ్రహించు టోపీ తొడిగి, ఒకే తీరున సాగు ధ్వనులను వినిపించుచు నడుమనడుమ వరుస తప్పించిరి. వరుస తప్పినప్పుడు ఆరోగ్యవంతుల మెదడు ఒక విశేషసంకేతము నిచ్చును. స్పందన లేని రోగులలో పలువురి మెదడు, మరణమునకు కొన్ని గంటల ముందు కూడ, అట్టి సంకేతమునే యిచ్చినది. వారు మాటల అర్థమును గ్రహించిరని దీనివలన రుజువు కాలేదు. శాస్త్రజ్ఞులు ఆ హద్దు దాటి చెప్పలేదు. కాని శబ్దము లోపలికి చేరుచున్నదనియు, మెదడు దానిని పోల్చి చూచుచున్నదనియు తేలినది.

ఏమి చెప్పవలయును? అమెరికాలో ఈ రంగమున పేరుపొందిన వైద్యుడు అయ్‌రా బయాక్ క్షమాపణము కోరుట, క్షమించుట, కృతజ్ఞత తెలుపుట, ప్రేమను తెలుపుట అను నాలుగింటిని సూచించెను. మన కుటుంబములలో తండ్రీకొడుకులు ప్రేమను నోటితో చెప్పుకొను అలవాటు తక్కువ; "అన్నం తిన్నావా?", "బస్సెక్కాక ఫోను చెయ్యి" అనువానిలోనే అది అంతయు నుండును. ఎనుబదియేండ్ల తండ్రి యెదుట పుస్తకభాషలో క్షమాపణ చెప్పబోయినచో గొంతు పెగలదు. వాడుకలో చెప్పుటయే సరి: "ఆ రోజు నేనన్న మాట తప్పు నాన్నా, మనసులో పెట్టుకోకు." "నన్ను చదివించడానికి నువ్వెంత తిప్పలు పడ్డావో నాకు తెలుసు." "అమ్మని నేను చూసుకుంటాను." ఈ చివరిమాటకు గల శక్తి గొప్పది, పోవువారిని చివరివరకు పట్టియుంచు చింతలలో, వెనుక మిగిలినవారి గతి యేమి యనునది మొదటిది.

అమెరికానుండి, గల్ఫునుండి విమానము అందుకొనలేని కొడుకులు, కూతుండ్రు ఫోనులోనే మాటాడవలసివచ్చును. ఫోనును చెవికి దగ్గరగా పట్టుకొని, "పెద్దమ్మాయి మాట్లాడుతోంది" అని ముందుగా చెప్పి, గదిలోని టీవీని, చుట్టముల గోలను ఆపవలయును. నేరుగా వచ్చినవారు చేయి పట్టుకొని, తామెవరో పేరుతో చెప్పి, నిదానముగా, మామూలు గొంతుతో మాటాడవలయును. "నన్ను గుర్తుపట్టావా?" వంటి, జవాబు కోరు ప్రశ్నలు వేయరాదు, జవాబీయలేని మనిషికి అవి పరీక్షయగును. లోపలికి ఎంత చేరుచున్నదో మనకు తెలియనంతకాలము, ఎవరికి కబురు చేయవలయును, కట్టెలు ఎక్కడ, కాగితములు ఏ బీరువాలో నున్నవి యను మాటలను ఆ మంచముప్రక్కన గాక, వీధి అరుగుమీద మాటాడుకొనవలయును.